విదేశీ రోగి

"ఇకమీదట మన నర్సులు రోగిని ముట్టుకోకుండానే ప్రాణం కాపాడతారు!" అని మంత్రివర్యులు 1962లో ప్రకటించారు. ఇంత గొప్ప మాట వికారాబాదులో అంతకుముందు ఎవరూ అనలేదు. చప్పట్లు ఆగలేదు.

అన్నట్టుగానే తాండూరు తోవలో కొత్తగా వెలసిన నర్సుల శిక్షణాలయానికి విదేశాల నుంచి ఒక రబ్బరు రోగి దిగింది. ఉన్న ఒక్క స్ప్రింగు మంచం దానికే, ఉన్న ఒక్క ఆక్సిజన్ సిలిండరూ దానికే. ట్రైనింగు పిల్ల సుమిత్రమ్మ రోజూ దాని నోట్లోకి ఊపిరి ఊది, ఛాతీ లేచిందో లేదో చూసేది. బొమ్మ ఒక్కసారి కూడా చావలేదు. శిక్షణాలయానికి మంచి పేరొచ్చింది.

మంత్రిగారు తనిఖీకి వచ్చే రోజు పొద్దున, పెద్దేముల్ నుంచి గొర్లకాపరి బీరప్పను ఎడ్లబండిలో తెచ్చారు. ఉబ్బసం. పెదాలు నీలం తిరిగాయి.

"అమ్మా, జర సూడు. ఊపిరాడ్తలేదు," అంటూ పెండ్లాం బీరమ్మ సుమిత్రమ్మ చెయ్యి పట్టుకుంది.

సూపరింటెండెంటు పాండురంగం అడ్డొచ్చారు. "నిజం రోగులకు ఇంకా శాంక్షన్ రాలేదు. హైదరాబాదు తీస్కపోండ్రి."

"అందాక బతుకుతడా సార్?" అంది సుమిత్రమ్మ.

"అది మన సిలబస్‌ల లేదు."

ఆయన పూలదండలు చూసుకోవడానికి గేటు దగ్గరికి పోయారు. సుమిత్రమ్మ చదువు పోతే పోయిందనుకుని, రబ్బరు రోగిని మంచం కిందికి తోసి, బీరప్పను పైన పండబెట్టి మాస్కు మూతికి పెట్టింది. అతని ఛాతీ మెల్లగా సర్దుకుంటుండగానే మంత్రిగారు రానే వచ్చారు. వెనకాలే వచ్చిన పాండురంగం మొహం పాలిపోయింది.

"అబ్బ! ఊపిరి గూడ తీస్తున్నదే!" మంత్రిగారు మురిసిపోయి బీరప్ప కాలి బొటనవేలు గిల్లారు.

"అవ్వో!" అన్నాడు బీరప్ప.

"మాట్లాడ్తది గూడనా?"

"లేటెస్ట్ మోడల్ సార్," అన్నారు పాండురంగం, చెమట తుడుచుకుంటూ.

"మరి తెలుగెట్లొచ్చింది?"

సుమిత్రమ్మ తల దించుకుంది. "మేమే నేర్పినం సార్."

మంత్రిగారు చలించిపోయారు. "దీనికి ఏ లోటూ రావద్దు. పాలు, గుడ్లు పెట్టండి. ఇది జాతి సొత్తు!" అని బీరప్ప పక్కన ఫొటో దిగి వెళ్ళిపోయారు.

జాతి సొత్తు వారంలో కోలుకుని గొర్ల దగ్గరికి పోయింది. ఎట్లా బతికాడో బీరమ్మ కనిపించినవాళ్ళందరికీ చెప్పింది.

ఒకనాడు పొద్దున్నే సుమిత్రమ్మ తలుపు తీసింది. గేటు నుంచి రోడ్డుదాకా బండ్లు, బండ్ల నిండా మూలుగుతున్న జనం. అందరికన్నా ముందున్న ముసలి బుగ్గమ్మ, దగ్గు ఆపుకుంటూ చేతులు జోడించింది.

"నాకు రోగం గీగం ఏం లేదు బిడ్డా. నేను బొమ్మనే. జర లోపలికి రానియ్యి."