మురికి నీళ్లు కావలెను

ఆ రోజు నిద్ర లేస్తూనే సైన్స్ మేడం రెండు గాజు సీసాలను తళతళలాడేలా కడిగి బల్ల మీద బోర్లించింది. ఎనిమిదో తరగతి పిల్లల ఆనందమంతా ఆ రెండు సీసాల్లోనే ఉంది మరి.

బడి వెనక ఒక కుంట ఉంది. నగరంలో ఎవరికీ అక్కర్లేని నీళ్లన్నీ అందులోకే వస్తాయి. నాలుగు గోడల మధ్య పాఠం చెబితే ఆవలించే పిల్లలను మేడం ఆ గట్టు మీదికి నడిపించింది. వాళ్లు చెత్త ఏరారు, కుంట నడుమ అడ్డంగా కంకర పరిచారు, అందులో తుంగ గడ్డి నాటారు. ఒక వైపున వచ్చిన మురుగు తుంగ వేళ్ల మధ్య నుంచి సాగి రెండో వైపు తేటగా చేరుతుంటే పిల్లలు కళ్లార్పకుండా చూశారు. ఆవలింతలు మాయమయ్యాయి. కానీ బురద కొట్టుకుపోయిన యూనిఫారాలు చూసి తల్లులు బడి మీదికి దండెత్తారు.

"రేపు విద్యాశాఖ ఆఫీసరు గారు వస్తున్నారు. ఆయన బాగుందంటే సరి. లేదంటే ఎల్లుండి నుంచి తలుపులేసుకుని పుస్తకంలో ఉన్నదే చెప్పండి" అని ముందురోజే పెద్ద మేడం తేల్చేసింది. ఆ బడికి హెడ్మిస్ట్రెస్ ఆవిడే.

సైన్స్ మేడం ఆలోచన చాలా సులువైనది. తుంగకు ఇవతలి మురుగు ఒక సీసాలో, అవతలి తేట నీళ్లు మరో సీసాలో పట్టి ఆఫీసరు ముందు పెట్టడం. మిగతాది ఆయన కళ్లే చూసుకుంటాయి.

"ఆఫీసరు గార్ని నేరుగా కుంట దగ్గరికే తీసుకెళ్తానండీ" అని భర్తతో చెప్పింది. ఆయన నగర పారిశుధ్య శాఖలో గుమాస్తా. మీ శాఖ కంటికి ఆ కుంట ఆనదా అని ఏడాదిగా ఆవిడ ఆయన్ని సాధిస్తూనే ఉంది.

ఆయన టీ కప్పు వెనక నుంచి ముసిముసిగా నవ్వాడు. "నువ్వేం బెంగపెట్టుకోకు. అంతా నేను చూసుకున్నాను."

ఆయన ఆ మాట అన్నప్పుడల్లా ఏదో ఒక కొంప మునుగుతుందని ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకు అనుభవమే. హడావుడిలో గుర్తురాలేదు.

బడికి వెళ్లేసరికి పిల్లలు గట్టు మీద ఏడుపు ముఖాలతో నిలబడి ఉన్నారు. అడగని ప్రశ్నంటూ లేదు కాబట్టి ప్రశ్నల పాప అని పిలిపించుకునే అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"మేడం, మన మురికి పోయింది!"

"పోవడమేంటే?"

"పొద్దున్నే ఒక ట్యాంకరొచ్చి మొత్తం తోడేసింది. ఇంకో ట్యాంకరొచ్చి మంచినీళ్లు నింపింది. మురుగొచ్చే తూములో గోనెసంచులు కుక్కేశారు. మీ ఆయన గారి కానుకని చెప్పమన్నారు."

కుంట అద్దంలా మెరుస్తోంది. మేడం వెంటనే భర్తకు ఫోన్ చేసింది.

"ఎలా ఉంది?" అన్నాడాయన, గొంతులో గర్వం పొంగిపోతుండగా.

"ఏడాదిగా మొత్తుకుంటే ఇవాళే దొరికిందా మీకు? తోడింది తెచ్చి మళ్లీ పోయించండి!"

"మురికా? తోడింది తిరిగి పోసే పద్ధతి మా శాఖలో లేదే!"

ఇప్పుడు తూములో సంచులు పీకినా మురుగు వచ్చి చేరేసరికి సాయంత్రమవుతుంది. ఆవిడ పళ్లు నూరుకుని పిల్లల వైపు తిరిగింది. "ఎక్కడ దొరికినా సరే, మురికి నీళ్లు తెండి!"

పిల్లలకు అంతకంటే ఇష్టమైన హోంవర్కు ఏ టీచరూ ఇవ్వలేదు. కానీ ఆఫీసరు కోసం బడంతా కడిగేసి ఉండటంతో వీధి మీద పడ్డారు. "ఆంటీ, మీ ఇంట్లో మురికి నీళ్లున్నాయా?" అంటూ తలుపులు కొట్టారు. "నా ఇల్లు అంత రోతగా కనిపిస్తోందా?" అని ఒకావిడ చిందులు తొక్కుతూ పెద్ద మేడం గదికి బయల్దేరింది. బళ్లో నీళ్లు లేక పిల్లలు మురికి నీళ్లైనా చాలని అడుక్కుంటున్నారని ఇంకొకావిడ ఊరంతా ఫోన్లు చేసింది. కాసేపటికి తల్లులందరూ తాగే నీళ్ల బిందెలతో గేటు ముందు నిలబడ్డారు. తేట నీళ్లు, ఎటు చూసినా తేట నీళ్లే!

ముందు గేటు కిక్కిరిసి ఉండటంతో ఆఫీసరు వెనక గేటు నుంచి వచ్చాడు. ఆ సమయానికి సైన్స్ మేడం చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఎట్టకేలకు దొరికిన, నేల తుడిచిన నీళ్ల బకెట్‌ను తుంగకు ఇవతల కుంటలోకి వంచుతోంది.

"ఏమ్మా! పిల్లలు చెమటోడ్చి బాగుచేసిన కుంటలో మురికి పోస్తావా? మీ సైన్స్ మేడం చూస్తే ఏమనుకుంటారు?"

"చాలా బాధపడతారండీ" అంది సైన్స్ మేడం నిజాయితీగా.

అప్పుడే పెద్ద మేడం రొప్పుతూ వచ్చింది. "సైన్స్ మేడం! చేతిలో ఆ బకెట్టేంటి?"

ఆఫీసరు కనుబొమలు పైకి లేచాయి. ఆవిడ ఇంక ఆలస్యం చేయకుండా రెండు సీసాలు ముంచి చూపించింది. ఒకటి నల్లగా, ఒకటి తేటగా. "చూడండి సార్, మా పిల్లల తుంగ ఎలా వడకట్టిందో!"

"భలే!" అన్నాడు ఆఫీసరు. పెద్ద మేడం ఊపిరి పీల్చుకుంది.

ప్రశ్నల పాప చెయ్యెత్తింది. "మేడం, తేట నీళ్లు ట్యాంకరువి కదా? తుంగలోంచి రాలేదు కదా? మరి తుంగే వడకట్టిందని ఎలా చెప్తాం?"

చూడనిది చూశామని చెప్పకూడదని ఆ పిల్లకు నేర్పింది తనే. సైన్స్ మేడం తల సిగ్గుతో వాలిపోయింది. ఇక ఈ పాఠం తలుపుల వెనకే అనుకుంది.

"చెప్పలేమమ్మా. నేను చెప్పింది అబద్ధం" అని, ట్యాంకరు మొదలుకుని బకెట్టు దాకా జరిగిందంతా ఆఫీసరుకు చెప్పేసింది.

ఆయన సీసాలు రెండూ అందుకుని గట్టు మీద పెట్టాడు. "నేను వెళ్లిన ప్రతి బళ్లోనూ పిల్లలు అన్నీ తప్పుల్లేకుండా అప్పజెప్పారు. రుజువేదని టీచర్నే నిలదీసిన పిల్లని ఇక్కడే చూశాను. ఈ పాఠం ఆపొద్దు" అన్నాడు. మేడం కళ్లు చెమర్చాయి.

ఆయన అక్కడి నుంచే పారిశుధ్య శాఖకు ఫోన్ చేశాడు. తూములో గోనెసంచులు తీసేసి, ఇక ఎవరూ ఆ కుంట జోలికి వెళ్లొద్దని, మురుగును దాని దారిన రానివ్వాలని గట్టిగా చెప్పాడు.

సంచులు పిల్లలే పీకేశారు గానీ, కుంట జోలికి వెళ్లొద్దన్న ఆదేశాన్ని మాత్రం శాఖ ఆ క్షణం నుంచే తు.చ. తప్పకుండా అమలు చేసింది.