అంబ్రోస్ దున్నిన ఫర్లాంగు

శనివారం పొద్దున టీ తాగాక అంబ్రోస్ పాగెట్‌కు ఒకే పని: బావమరిది హ్యూబర్ట్ బీడులో ఒక్క చాలు దున్నడం. వేసవి సంతలో ఊరి చరిత్ర మీద ఇద్దరిలో ఎవరు మాట్లాడాలో దానితో తేలిపోతుంది.

"ఫర్లాంగంటే ఫార్, లాంగ్. దూరం, పొడుగు. దీనికి ఎద్దులెందుకు బావా?" అన్నాడు హ్యూబర్ట్.

"కాదురా! 'ఫర్' అంటే మన పాత ఇంగ్లీషు మాటల్లో నాగలి చాలు. ఎద్దులు ఆయాసపడి ఆగేదాకా లాగే చాలు ఎంత పొడుగో అదే ఫర్లాంగు. ఇవాళ కళ్లారా చూద్దువుగాని."

అరువు తెచ్చిన ఎద్దులు బుద్ధిగానే నిలబడ్డాయి. ఇంతలో చినుకు పడింది. అంబ్రోస్ భార్య థర్జా గొడుగు టప్పున విప్పింది. ఎద్దులు బెదిరి, కంచె సందులోంచి పక్క మైదానంలోకి దూసుకుపోయాయి. అక్కడ క్రికెట్ ఆట మంచి రసపట్టులో ఉంది.

"ఏమండీ, వదిలెయ్యండి!" అని థర్జా అరిచింది.

అంబ్రోస్‌కు "అదిలించండి" అని వినపడింది. మేడి మరింత గట్టిగా పట్టుకుని "హోయ్, హోయ్!" అన్నాడు. నాగలి పిచ్‌ను నడిమికి చీల్చింది. అంపైరుగా నిలబడ్డ పాస్టరుగారు హడలిపోయి రెండు చేతులూ పైకెత్తారు. స్కోరరు సిక్సర్ రాసుకున్నాడు.

మైదానం అవతల, గడ్డి మొలిచిన ఓ పాత గట్టు దగ్గర ఎద్దులు వాటంతటవే ఆగాయి.

"చంపేస్తా నిన్ను!" అంటూ కెప్టెన్ పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండయ్యా, ముందు కొలవండి! బావ పరువు ఇక్కడే తీసేద్దాం," అన్నాడు హ్యూబర్ట్.

వికెట్ల మధ్య దూరం కొలిచే గొలుసు తెచ్చారు. అలాంటివి పదైతే ఫర్లాంగని పాస్టరుగారు చెప్పారు. తొమ్మిది పడ్డాయి. పదోది నాగలి మొనను జానెడు దాటింది, అంతే.

అంబ్రోస్ వంగి గట్టు మీద అరచెయ్యి ఆనించాడు. "పూర్వం ఎద్దుల్ని ఇక్కడే వెనక్కి తిప్పేవాళ్లు. ప్రతి చాలు చివరా నాగలి మట్టి రాలి రాలి, ఇంత గట్టయింది," అన్నాడు మెల్లగా.

కెప్టెన్ టోపీ తీశాడు. అతన్ని చూసి మిగతావాళ్లూ తీశారు.

"ఇక్కడ ఆగాలని వీటికి ఎవరు చెప్పారు బావా?" అని అడిగాడు హ్యూబర్ట్.

"వాటి ఊపిరి చెప్పిందిరా."

సంత రోజున ఫర్లాంగు పుట్టుక గురించి హ్యూబర్టే కళ్లనీళ్లు పెట్టుకుని మాట్లాడాడు. గెలిచిన అంబ్రోస్‌కు రావడం కుదరలేదు. కెప్టెన్ దగ్గరుండి అతని చేత పిచ్‌లో గడ్డి నాటిస్తున్నాడు.