ఓదార్పుకి మార్కులు

ప్రజాసంబంధాల శాఖ అనేదే లేకపోతే నాలాంటి ఒంటిగాళ్ల గతి ఏమయ్యేది? ఎప్పుడైనా ఆలోచించారా? భార్య పోయాక నన్ను మానకుండా పలకరిస్తున్నది వాళ్లే.

మా ఆవిడ పోయిన ఆస్పత్రి వాళ్లు. ఆ మధ్యాహ్నం డ్యూటీ డాక్టరు ఎందుకు రాలేదని అడిగాను. జవాబు రాలేదు, పూలగుత్తి వచ్చింది. మళ్లీ అడిగాను. ఇంకా పెద్ద పూలగుత్తి వచ్చింది. రిసెప్షన్ దగ్గర నిలబడి అరిచాను. నా పుట్టినరోజుకి కేకు వచ్చింది! నన్ను బడిలో చేర్చేటప్పుడు పంతులు తనకి తోచినట్టు వేసిన తేదీ అది. దానికీ కొవ్వొత్తి వెలిగించారు. ఇంతకంటే ఆప్తులు ఎవరుంటారు?

ఈమధ్య వాళ్ల శిక్షణ తరగతికి నన్నే పిలిచారు. కొత్తగా చేరినవాళ్లు ఓదార్చడం నేర్చుకోవాలట. దానికి అసలు సిసలు బాధితుడు కావాలట. ఏసీ గది, మెత్తటి కుర్చీ. కాదనడానికి నేనెవర్ని?

ముందు నీతి పాఠం. "అబద్ధం ఆడకూడదు. నిజం మాత్రం లీగల్ వాళ్లని అడిగి చెప్పాలి," అన్నారు శిక్షణ ఇచ్చే మేష్టారు. నీతి అయిపోయింది. టీ ఇచ్చారు.

తరవాత సంబంధాల పాఠం. అది సాయంత్రం దాకా సాగింది. ఒక్కొక్కరే వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. "మీ బాధ మా బాధే అంకుల్" అన్నవాడికి మంచి మార్కులు పడ్డాయి. ఇంకొకడు ఏకంగా ఏడ్చేశాడు.

"తగ్గించు నాయనా. ఆయన కంటే ముందు నువ్వు ఏడవకూడదు," అని మేష్టారు సరిదిద్దారు.

ఆఖర్న ఓ అమ్మాయి వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు. ఎదురుగా కూర్చుంది.

"డాక్టరు ఎందుకు రాలేదో ఎవరైనా చెప్పారా బాబాయ్?"

"లేదమ్మా."

"మీరు పిలిచారా?"

"గొంతు పోయేలా పిలిచాను."

"అయితే తప్పు మాదే. క్షమించండి."

మేష్టారు లేచి నిలబడ్డారు.

"ఏంటమ్మా అది? ఓదార్చమంటే ఒప్పేసుకుంటావా? ఫెయిల్."

న్యాయమే కదా! నేర్పిన ముక్క ఒక్కటీ ఒంటపట్టించుకోని పిల్లని ఎలా పాస్ చేస్తారు?

మేష్టారు నన్ను లిఫ్టు దాకా సాగనంపారు. అక్కడ కాస్త గొంతు తగ్గించారు.

"సార్, ఆ అమ్మాయి అన్నది ఉత్త ప్రాక్టీసు. ఆస్పత్రి మాటగా తీసుకోకండి."

"తీసుకోను లెండి," అన్నాను. "ఆస్పత్రి అలాంటి మాట అనదని నాకు తెలుసు."