దవడనొప్పి రావాలంటే రాసిపెట్టి ఉండాలి!

దవడనొప్పిని మించిన వరం మనిషికి ఇంకొకటి లేదు. నవ్వకండి! హాయిగా నవ్వగలుగుతున్నారంటే మీకింకా అది రాలేదన్నమాట. మీ దురదృష్టానికి విచారిస్తున్నాను.

నా పేరు సలోమి. రాజోలు దగ్గర ఒక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. పొద్దస్తమానం ఎక్కాలు చెప్పించడం నా వృత్తి. డెబ్బై ఆరులో ఒక మధ్యాహ్నం ఏడో ఎక్కం మధ్యలో ఆవులించాను. నోరు తెరుచుకుంది. మూసుకోలేదు!

క్లాసంతా నిశ్శబ్దం. బెత్తంతో బల్లలు విరగ్గొట్టినా రాని నిశ్శబ్దం! కాసేపటికి చెవి ముందర ‘టక్’మంది, నోరు మూసుకుంది. ఆ క్షణం నుంచి కుడి చెంపంతా ఒకటే సలుపు. క్రమశిక్షణ కోసం టీచర్లు ట్రైనింగులకి వెళ్తారే, ఎందుకండీ? ఒక్క దవడ పట్టేస్తే చాలదూ?

రెండో లాభం, ఊరినిండా ఉచిత వైద్యులు. మా అత్తగారు ఎలీసమ్మ గారు లవంగం నొక్కిపెట్టమన్నారు. ఎదురింటివారు ఇసక మూటతో కాపడం పెట్టమన్నారు. మావారు కృపానందం తాలూకాఫీసులో గుమస్తా కాబట్టి ఏ విషయమైనా క్లుప్తంగా తేల్చేస్తారు. “కాస్త మాట్లాడ్డం తగ్గించెయ్యి” అన్నారు. మందు నాకు, సుఖం ఆయనకి! ఇంత పొదుపైన వైద్యం ఎక్కడైనా ఉందా?

ఇక చర్చిలో నా హోదాయే మారిపోయింది. అందరూ కళ్ళు మూసుకుని మౌనప్రార్థనలో ఉండగా నా దవడ ‘టక్’మంది. పాస్టరు గారు ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, కానుకల పెట్టె తాళం ఉందో లేదో చూసుకున్నారు. ఆ ఆదివారం నుంచి ఆ పెట్టెకి రెండు తాళాలు. సంఘానికి నేను చేసిన సేవ కాదా ఇది?

సరే, అమలాపురంలో పళ్ళ డాక్టరు బంగారయ్య గారి దగ్గరికి వెళ్ళాం. రోగి సమయం వృథా చేయడం ఆయనకి బొత్తిగా గిట్టదు.

“ఏ వైపండీ?” అన్నారు, నేనింకా కుర్చీలో సర్దుకోకుండానే.

“కుడివైపండీ, అంటే పన్ను కాదండీ, చెవి ముందర...”

మిగతా వాక్యం పట్టకారు మింగేసింది. పన్ను వచ్చింది. నొప్పి రాలేదు, అక్కడే ఉండిపోయింది! “అయితే పక్కదై ఉంటుందండీ” అని కొన్నాళ్ళకి పక్కదీ లాగారు. మళ్ళీ కొన్నాళ్ళకి దాని పక్కదీ. చివరిదాన్ని వెలుతురులో పెట్టి, “ఎంత గట్టి పన్నో చూడండి! పుచ్చన్నదే లేదు!” అని మురిసిపోయారు. మీ పన్నుని ఏ డాక్టరైనా ఇలా మెచ్చుకున్నాడా? అందుకే చెబుతున్నాను, అసూయ పడండి!

తర్వాత జ్వరాల డాక్టరు. ఆయన నన్ను చూసి, మావారితో మాట్లాడారు. “మీ ఆవిడకి నరాల బలహీనతండీ. సినిమాకి తీసుకెళ్ళండి.” మావారు తీసుకెళ్ళారు. హాస్యచిత్రం. హాలంతా పగలబడి నవ్వుతోంది. నవ్వబోయి దవడ పట్టేసి నేను వలవలా ఏడ్చాను. “ఇంత సున్నితమైన మనసేంటే నీది!” అని మావారు జాలిపడి సోడా ఇప్పించారు. చూశారా, దాంపత్యం ఎలా చిగురిస్తుందో!

ఇలా ఏళ్ళు గడిచాయి. ఎనభై నాలుగులో పరిశోధన వచ్చింది.

ఒక పట్నం ఆసుపత్రి నుంచి ముత్యాలరాజు గారనే పెద్ద డాక్టరు దవడ కీలు జబ్బులమీద పరిశోధన చేస్తున్నారని, పదిహేను రోజులకోసారి తన బృందంతో అమలాపురం వస్తున్నారని తెలిసింది. వెళ్ళాను. కామాక్షి అనే కుర్ర డాక్టరమ్మ నా చెవి ముందర వేలు పెట్టి నోరు తెరవమంది.

‘టక్!’

ఆమె మొహం చూడాలి! బల్బు వెలిగినట్టు వెలిగిపోయింది. “సార్, రండి సార్! ఎంత చక్కటి కేసో!” వైద్యవిద్యార్థులు క్యూ కట్టి ఒక్కొక్కరే నా టక్కు విన్నారు. అన్నేళ్ళూ నాది నస. ఒక్క పూటలో కేసైపోయింది! మా డిపార్టుమెంటులో సర్వీసంతా చేసినా రాని ప్రమోషన్ అది.

తర్వాత ఆ డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని, “చెప్పండమ్మా. ఇది ఎలా మొదలైంది?” అంది.

నేను అలవాటు కొద్దీ మావారివైపు చూశాను.

“ఆయన్ని కాదండీ, మిమ్మల్నే.”

చెప్పాను. ఆవులింత వస్తే భయమని, అన్నం నమలాలంటే ఏడుపొస్తుందని, పిల్లలకి ఎక్కాలు చెబుతూ బల్ల అంచు గట్టిగా పట్టుకుంటానని చెప్పాను. ఎవరూ మధ్యలో అడ్డురాలేదు. రాజోలు బస్సు వెళ్ళిపోయింది. మావారు వాచీ చూసుకోవడం మొదలుపెట్టి, ఎప్పుడో మరిచిపోయారు. “ఇదంతా నాకెప్పుడూ చెప్పలేదేంటే?” అన్నారు బయటికొచ్చాక. మాట్లాడ్డం తగ్గించమన్నారుగా మరి!

రాత్రిళ్ళు పళ్ళకి తొడుక్కోమని ఒక ప్లాస్టిక్ ప్లేటు ఇచ్చారు. వెళ్ళినప్పుడల్లా డాక్టరమ్మ స్కేలుతో నోరు కొలవడం, పక్కన కూర్చుని అన్నీ అడగడం, నేను చెప్పడం. కొన్ని నెలలకి నొప్పి తగ్గింది! ఒక సాయంత్రం జంతిక కొరికాను. ఆ కరకరలు వంటింట్లోంచి విని మా అత్తగారు “దేవునికి స్తోత్రం!” అని అరిచారు.

పరిశోధన ముగిసిన రోజు ముత్యాలరాజు గారు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి రహస్యం విప్పారు. సగంమందికి అసలు ప్లేట్లు, సగంమందికి ఏ పనీ చేయని ఉత్తుత్తి ప్లేట్లు ఇచ్చారట!

“మీది ఉత్తుత్తిదమ్మా” అన్నారు నాతో.

“మరి తగ్గిందేంటండీ?”

“మీ నమ్మకమమ్మా. రెండు గుంపులకీ ఇంచుమించు ఒకేలా తగ్గింది. అదే చిత్రం!”

కామాక్షి మెల్లగా అంది. “సార్, రెండు గుంపులకీ మనం సమానంగా చేసింది ఒకటుందండీ. కూర్చోబెట్టి అడిగేం, విన్నాం.”

పెద్దాయన చిరునవ్వు నవ్వారు. “అది వైద్యం కాదమ్మా. వివరాల సేకరణ.”

సేకరణ పూర్తయింది కాబట్టి బృందం వెళ్ళిపోయింది.

మా పక్కింటి సత్తెమ్మ కొబ్బరిపీచుతో తాళ్ళు పేనుతుంది. ఆమెకీ ఇదే నొప్పి. పరిశోధనలో చేరదామని ఆలస్యంగా వెళ్తే, “మనుషుల్ని తీసుకోడం అయిపోయిందమ్మా” అని పంపించేశారు. నా సంగతి విని చెంప పట్టుకుని వచ్చింది.

“టీచరమ్మగారండీ, నాకూ ఆ ఉత్తుత్తిది ఒకటి ఇప్పించండి. అసలుది అక్కర్లేదండీ.”

ఎక్కడినుంచి తేను? బంగారయ్య గారి దగ్గరికే తీసుకెళ్ళాను. ఆయన పట్టకారు అందుకుని, “ఏ వైపండీ?” అన్నారు.

నేను మధ్యలో నిలబడ్డాను. “ముందు ఆవిణ్ణి అడగండి.”

“ఏం అడగాలండీ?” అన్నారు. పాపం, నిజంగానే తెలియక!

“ఎలా మొదలైందో, ఎప్పుడు ఎక్కువవుద్దో.”

“బయట జనం ఉన్నారు కదండీ.”

“ఆయ్, ఉన్నారండీ. నేను కదలనండీ.”

ఆయన నిట్టూర్చి స్టూలు లాక్కున్నారు. సత్తెమ్మ మొదలుపెట్టింది. పీచు తడిపేటప్పుడు సలుపు, పళ్ళు బిగబట్టి పేనడం, పెనిమిటి పోయిన ఏడాది నిద్రలో పళ్ళు కొరకడం. బంగారయ్య గారు మొదట గోడ గడియారం చూశారు. తర్వాత సత్తెమ్మని చూశారు. “అలాగా అమ్మా? అప్పుడేం చేసేవు?” అని తనంతట తానే అడిగారు! పట్టకారు ట్రేలో పెట్టేసి, ఆమె చెవి ముందర వేలు పెట్టి చూశారు. సత్తెమ్మ పళ్ళన్నీ నోట్లోనే ఉంచుకుని ఇంటికొచ్చింది. నొప్పి ఇంకా ఉందట. “అయినా రేపు మళ్ళీ రమ్మన్నారండీ, మిగతాది చెప్పమన్నారు” అని బస్సులో ఒకటే సంబరం.

కాబట్టి పాఠక మహాశయులారా, దవడనొప్పి మహాభాగ్యమే. కాకపోతే చిన్న షరతు. తొందరపడి తెచ్చుకోకండి. మన తాలూకాకి పరిశోధన ఎప్పుడొస్తుందో కనుక్కుని, సరిగ్గా ఆ రోజుల్లోనే తెచ్చుకోండి. అప్పుడైతే మిమ్మల్ని అడిగి, విని, స్కేలు పెట్టి కొలుస్తారు. మిగతా రోజుల్లో వచ్చిందంటే మాత్రం మీకున్నది నొప్పేనని ఒప్పించడానికి ఓ మనిషిని వెంటబెట్టుకు వెళ్ళండి. కాస్త మొండిమనిషైతే మరీ మంచిది!