పద్నాలుగు మంది, ఒక్క పుట్టినరోజు

శనివారం ఉదయం హరిప్రసాద్ పెట్టుకున్న పని చాలా చిన్నది. గేటు పక్కనున్న నల్లబల్ల మీద సోమవారానికి కావలసిన నాలుగు ముక్కలు ముందుగానే రాసిపెట్టి, వెళ్లి వేడిగా టీ తాగాలి. అంతే.

శంషాబాద్ విమానాశ్రయం దాటి కొత్తూరు వైపు వెళ్లే దారిలో, విమానాల్లో ప్రయాణికులు కప్పుకునే దుప్పట్లు ఉతికి, మడతపెట్టి పంపే కంపెనీ ఒకటుంది. అందులో హరిప్రసాద్ ఆఫీసు వ్యవహారాలు చూస్తాడు. ఆయనది గుడివాడ, కాపురం అత్తాపూర్‌లో. చేరిన రోజు నుంచీ ఆయనకు ఒకటే వ్యసనం. రోజూ పొద్దున్నే ఆ బల్ల మీద 'చరిత్రలో ఈ రోజు' అని పెట్టి, ఆ తేదీన లోకంలో ఎక్కడెక్కడ ఏమేం జరిగాయో సుద్దముక్కతో రాస్తాడు. దుప్పట్లు ఉతికేవాళ్లకు ఫ్రెంచి విప్లవంతో పనేమిటని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సోమవారం జూన్ ఒకటి. ఆయన ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం ఆ రోజుతో ముగుస్తుంది. నగరంలోని ప్రధాన కార్యాలయం నుంచి ప్రేమలత అనే పెద్ద అధికారి వచ్చి, సిబ్బంది కాగితాలన్నీ తనిఖీ చేసి, ఆయన్ని ఉంచాలో గుడివాడ బస్సెక్కించాలో తేలుస్తుంది. నలభై నాలుగేళ్ల వయసులో మళ్లీ ఉద్యోగం వెతుక్కోవడం ఆయనకు ఇష్టం లేదు. అందుకే ఆమె గేటు దాటేటప్పుడే బల్ల చూసి మెచ్చుకోవాలనుకున్నాడు. ఈసారి లోకచరిత్రతో పాటు, ఆ రోజు పుట్టిన సిబ్బంది పేర్లు కూడా రాయాలనుకున్నాడు.

పైన 'జూన్ 1' అని వేసి, '1874: ఈస్టిండియా కంపెనీ మూతపడింది' అని రాశాడు. దాని కింద '1930: బొంబాయి, పూనాల మధ్య డెక్కన్ క్వీన్ రైలు మొదలైంది'. ఆ కింద 'ప్రపంచ పాల దినోత్సవం'. 'పుట్టినరోజు శుభాకాంక్షలు' అన్న మాట పేర్లన్నీ అయ్యాక పైన ఎర్రసుద్దతో అందంగా రాద్దామని జాగా వదిలి, జాబితా చూస్తూ పేర్లు ఎక్కించసాగాడు. చెన్నయ్య, లింగమ్మ, తారాబాయి, మహేష్... ఏడో పేరు దగ్గర చెయ్యి నెమ్మదించింది. పద్నాలుగో పేరు దగ్గర ఆగిపోయింది.

యాభై ముగ్గురు సిబ్బందిలో పద్నాలుగు మంది జూన్ ఒకటిన పుట్టారు! ఏళ్లు వేరు, తేదీ మాత్రం ఒకటే. పైగా అందరిదీ మహేశ్వరం పక్కన ఒకటే ఊరు.

చరిత్ర ఎక్కువ చదివినవాడికి కుట్ర వాసన తొందరగా తగులుతుంది. హరిప్రసాద్ సుద్దముక్కలు జేబులో వేసుకుని, బల్లనూ టీనీ మరిచిపోయి లోపలికి పరుగెత్తాడు. బీరువా తెరిచి పద్నాలుగు ఫైళ్లూ మేజా మీద పరిచాడు. బడి సర్టిఫికెట్లన్నీ ఒకే చేతిరాత, ఒకే సంతకం. బాలమల్లు, ప్రధానోపాధ్యాయుడు.

"ముఠా!" అన్నాడు, గదిలో ఎవరూ లేకపోయినా.

అదే సమయానికి గేటు దగ్గర పొద్దుటి షిఫ్టు వాళ్లు లోపలికి వస్తున్నారు. ఉతికే విభాగానికి పెద్ద చెన్నయ్య. బల్ల ముందు ఆగి, పైనుంచి కిందికి రెండుసార్లు చదివాడు.

"ఏందే ఇది? కంపెనీ మూతపడ్డదట. కింద మన పేర్లున్నయి," అన్నాడు.

"గది ఎనకటి కంపెనీ గదనే, ఇంగ్లీషోళ్లది," అంది మడతల విభాగంలో పనిచేసే లింగమ్మ.

"ఎనకటిదైతే మన పేర్లెందుకుంటయి? అందరియి రాసిండా? మన ఊరోళ్లయే ఏరి ఏరి రాసిండు. సోమారం పట్నంకెళ్లి మేడమ్ వస్తున్నది. ఇగ సమజ్ చేసుకో."

లింగమ్మ అక్కడే మెట్టు మీద కూలబడింది. పదకొండేళ్లుగా ఆమె బతుకంతా ఆ మడతల్లోనే ఉంది. "పొలం పోయి ప్లాట్లాయె. ఈ కొలువు గూడ పోతే ఏడికి పోవాలె అన్నా?" అంది.

గేటు కాపలా మొయిజ్ వాళ్ల అవస్థ చూడలేక, సంగతి కనుక్కొస్తానని లోపలికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు. "సాబ్ మీ ఫైళ్లన్ని ముంగటేసుకొని కూసున్నడు. నన్ను చూసి టక్కున బీరువల పెట్టి తాళమేసిండు. మామ్లా ఏదో ఖరాబ్ ఉన్నది," అన్నాడు. కొలువులు పోతాయా లేదా అన్న ఆ కాస్త అనుమానం కూడా వాళ్లకు అప్పటితో తీరిపోయింది.

కాసేపటికి లింగమ్మకు లోపలినుంచి పిలుపు వచ్చింది.

"కూర్చోండమ్మా. మీరు ఎప్పుడు పుట్టారు?" అని అడిగాడు హరిప్రసాద్, పోలీసులా కనిపించకూడదని నవ్వుతూ. ఆ నవ్వు చూసి ఆమెకు ఇంకా భయమేసింది.

"కాయితంల ఉన్నది గద సార్."

"కాగితం సంగతి నేను చూసుకుంటానండీ. నిజంగా ఎప్పుడు పుట్టారు?"

లింగమ్మకు అబద్ధమాడటం చేతకాదు. "కాముని పున్నానికి, గదే హోళీకి, ముంగట సార్. మా అమ్మ చేన్ల జొన్న కోస్తుండెనట. గా దినమే మా బర్రె గూడ ఈనిందట."

"అంటే జూన్ ఒకటి కాదు!"

"గది బాలమల్లు సార్ ఇచ్చిండు."

"ఊరికే ఇచ్చాడా?"

"లే సార్. మా నాయిన సొరకాయ ఇచ్చిండు."

హరిప్రసాద్ వెంటనే డైరీ తీసి 'లంచం: సొరకాయ, ఒకటి' అని రాసుకున్నాడు. "ఈ బాలమల్లు ఇలా ఇంకా ఎవరెవరికి ఇచ్చాడమ్మా?"

"ఊరందరికి, సార్," అంది లింగమ్మ గర్వంగా.

ఇక ఆగలేదు. ప్రధాన కార్యాలయానికి పెద్ద మెయిల్ కొట్టాడు. నకిలీ పుట్టిన తేదీల ముఠాను పట్టుకున్నాననీ, దాని నాయకుడు బాలమల్లు అనీ, పద్నాలుగు మందినీ వెంటనే తొలగించడం మంచిదనీ రాశాడు. చివరి వాక్యం దగ్గర లింగమ్మ ముఖం గుర్తొచ్చింది. వెంటనే తన ఉద్యోగం కూడా గుర్తొచ్చింది. రెండోదే ఎక్కువ బరువనిపించి మీట నొక్కేశాడు.

అనుమానం పెనుభూతమంటారు. మధ్యాహ్నానికల్లా ఆ భూతం ఆయన్ని కుర్చీలో కూర్చోనివ్వలేదు. దుప్పట్లు ఆరబెట్టే గదిలోకి పిల్లిలా వెళ్లి, ఒక దొంతర వెనక నక్కాడు. లింగమ్మ నుంచి సంగతంతా విన్న చెన్నయ్య అవతల ఫోన్‌లో మాట్లాడుతున్నాడు.

"సారూ, సోమారం పొద్దుగాల మీరు తప్పకుండ రావాలె. పాత రిజిస్టర్ పట్టుకరాండ్రి. గది లేకుంటే మేమందరం ఖతం."

ముఠా నాయకుడే స్వయంగా వస్తున్నాడన్నమాట! హరిప్రసాద్ ఉలిక్కిపడి కదిలాడు. దొంతర కూలి ముప్పై దుప్పట్లు ఆయన మీద పడ్డాయి. చెన్నయ్య తిరిగి చూసేసరికి గుట్ట కింద రెండు బూట్లు కనిపించాయి. అవి ఎవరివో కంపెనీలో అందరికీ తెలుసు. "దొంగచాటుగ ఇంటున్నడంటే మనల్ని తీసుడు పక్కా," అని వెళ్లి మిగతావాళ్లకు చెప్పాడు.

సాయంత్రం హరిప్రసాద్ మొయిజ్‌ను పక్కకు పిలిచాడు. "సోమవారం రిజిస్టర్ పట్టుకుని ఎవరు వచ్చినా సరే, గేటు గదిలో కూర్చోబెట్టు. నేనొచ్చేదాకా వదలొద్దు."

"ఎవరొచ్చినా, సాబ్?"

"ఎవరొచ్చినా!"

మొయిజ్ పదేళ్లుగా గేట్లు కాస్తున్నవాడు. పైవాళ్లు ఇచ్చిన హుకుంకు సొంత తెలివి జోడిస్తే ఏమవుతుందో అనుభవం మీద తెలుసుకున్నవాడు.

సోమవారం హరిప్రసాద్ కొత్త చొక్కా వేసుకుని ఎనిమిదింటికే వచ్చి కూర్చున్నాడు. తొమ్మిదయింది, ప్రేమలత రాలేదు. తొమ్మిదింబావుకు గేటు నుంచి ఫోన్ వచ్చింది.

"సాబ్, ఇద్దరు దొరికిన్రు. ఒక ముసలాయన, ఒక ఆడామె. ఇద్దరి తాన రిజిస్టర్లున్నయి."

"ఇద్దరా!"

"ఆడామె మస్తు గరమైతున్నది సాబ్. నేను పెద్దాఫీసర్‌ను అంటున్నది."

"అలాగే అంటారయ్యా! మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టు," అని హరిప్రసాద్ ఫోన్ పెట్టేసి, ప్రేమలత కోసం మరో అరగంట ఎదురు చూశాడు. ఆమె రాకముందే ముఠా చేతికి చిక్కిందని మురిసిపోయాడు. చివరికి ఉండబట్టలేక గేటు గదికి నడిచాడు.

కిటికీలోంచి వింత దృశ్యం కనిపించింది. ఆ ఆడమనిషి తన కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవిని పట్టుకుని ఉంది. ముసలాయన "శెభాష్" అంటున్నాడు. ఆమె ఇటు తిరిగింది. వీడియో కాల్‌లో చూసిన ముఖమే. ప్రేమలత.

"రండి హరిప్రసాద్ గారూ," అంది ఆమె, చెవి వదలకుండానే. "అరగంట సంది మీ ముఠా నాయకుడితోని మాట్లాడుతున్న."

హరిప్రసాద్ గడపలోనే ఆగిపోయాడు. బాలమల్లు మాత్రం తాపీగా రిజిస్టర్ తెరిచాడు. "ఊర్లల్ల పుట్టిన తారీకు ఎవలు రాసిపెట్టుకున్నరు సార్? పిల్లగాడు కుడిచెయ్యి నెత్తిమీదికెళ్లి తెచ్చి ఎడమ చెవి అందుకుంటే ఆరేండ్లు నిండినట్టు. బడిల తీసుకునేటోన్ని. తారీకు రాయకుంటే పైనోళ్లు ఊకోరు. బడి తెరిచేది జూన్‌ల. ఒకటో తారీకైతే పిల్లలకు గూడ యాదుంటది. ముప్పై ఏండ్లు గట్లనే రాసిన."

"నాది జూన్ పది," అంది ప్రేమలత. "మా ఊరి సారుకు పది అంటే ఇష్టం."

"నాది జూలై ఒకటి మేడమ్," అన్నాడు మొయిజ్ తలుపు దగ్గర్నుంచి.

"మరి సొరకాయ?" అన్నాడు హరిప్రసాద్.

"గా సొరకాయా? ఎండిన కాయ సార్, విత్తనాలకు. బడెనుక పెట్టినం. తీగ పారితే పిల్లలకే వండిపెట్టినం."

ఇంతలో పద్నాలుగు మందీ గదిముందు గుమిగూడారు. లింగమ్మ చేతిలో మూతపెట్టిన పెద్ద స్టీలు గిన్నె. "మేడమ్, ఇయ్యాల మాకు ఆఖరి దినమని తెల్సు," అంది. "పదకొండేండ్లు ఈ దుప్పట్లు మడతపెట్టిన. పోయేటప్పుడు అందరి నోరు తీపి చేసి పోదామని పరమాన్నం వండుకొచ్చినం. సార్ మీద మాకు కోపం లేదు. జర ఏడుపొస్తున్నది, గంతే." కొంగుతో కళ్లు తుడుచుకుంది. హరిప్రసాద్‌కు ఆ క్షణంలో శనివారం నొక్కిన మీట గుర్తొచ్చి, సిగ్గుతో తల వంగిపోయింది.

"ఆఖరి దినమని ఎవరు చెప్పిండ్రు?" అంది ప్రేమలత.

చెన్నయ్య బల్ల వైపు చెయ్యి చూపించాడు. ఆమె బయటికి వచ్చి పైనుంచి కిందికి చదివింది. "పేర్ల పైన ఈ జాగా ఎందుకు వదిలిండ్రు?"

హరిప్రసాద్ జేబులోంచి ఎర్రసుద్ద తీసి, దొంగసొత్తు అప్పగిస్తున్నట్టు చూపించాడు. "పుట్టినరోజు శుభాకాంక్షలు అని రాద్దామనుకున్నానండీ."

"ఓర్నీ!" అన్నాడు చెన్నయ్య.

"నా దగ్గరున్న మీ పద్నాలుగు మంది కాగితాల నకళ్లు, సారు రిజిస్టర్ పక్కపక్కన పెట్టి చూసిన. ఒక్క అక్షరం తేడా లేదు. ఎవరూ ఎటూ పోయేది లేదు," అంది ప్రేమలత. లింగమ్మ గిన్నె పట్టుకునే మళ్లీ ఏడ్చింది, ఈసారి నవ్వుతూ. "కాని ఈ కంపెనీల ఒకరి పుట్టిన తేదీ నిజంగనే తప్పున్నది."

హరిప్రసాద్ ప్రాణం లేచి వచ్చింది. తన అనుమానం పూర్తిగా వృథా పోలేదు! "ఎవరిదండీ?" అన్నాడు ఆశగా.

ఆమె తన ఫైల్లోంచి ఒక కాగితం తీసింది. "పుట్టిన తేదీ, పోయిన డిసెంబర్ ఒకటి. కింద 'పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను' అని సంతకం. మీదే."

అది ఆయన ఉద్యోగంలో చేరిన రోజు. తొందరలో చేరిన తేదీని పుట్టిన తేదీ గడిలో వేశాడు. అందరి ఫైళ్లూ వెతికినవాడు తన ఫైలు మాత్రం ఒక్కసారీ తెరవలేదు.

"కాగితం ప్రకారం మీకు ఇయ్యాల్టికి ఆరు నెలలు నిండినయి. ఆరు నెలల పిల్లగానికి కొలువు ఎట్ల ఖాయం చేస్తరు? ముందు ఇది సరిచెయ్యండి. ఇంకో ఆరు నెలలు మీ పని చూస్తం. ఈ ఆరు నెలల్ల మనుషులను గూడ జర చదవండి," అంది ప్రేమలత.

"నాకు చెవి అందుకొని చూపిస్తే ఇప్పుడే సర్టిఫికెట్ రాసిస్త సార్, జూన్ ఒకటి అని," అన్నాడు బాలమల్లు దయగా.

ఇక పోయేదేముందని హరిప్రసాద్ కుడిచెయ్యి తలమీదుగా తెచ్చాడు. భుజం పట్టేసింది. కొత్త చొక్కా చంక దగ్గర పర్రుమంది. చెవికి నాలుగు వేళ్ల దూరంలో చెయ్యి ఆగిపోయింది.

"బడి ఈడు రాలే," అని తేల్చేశాడు బాలమల్లు.

గేటు దగ్గర నవ్వులు మిన్నంటాయి. ఆ నవ్వుల మధ్య హరిప్రసాద్ లింగమ్మ ముందుకు వెళ్లి, "నన్ను క్షమించండమ్మా. మిమ్మల్ని తీసెయ్యమని రాసింది నేనే," అన్నాడు.

లింగమ్మ ఆయన్ని ఒక్క నిమిషం ఎగాదిగా చూసింది. తరువాత గిన్నె మూత తీసి, చెంచా ముంచింది. "ఆరో నెల నిండిన పిల్లగానికి అన్నం ముట్టియ్యాలె గద మేడమ్. ముందుగాల నోరు తెరువు సార్."

ఆయన నోరు తెరిచాడు.

సాయంత్రం షిఫ్టు వాళ్లు వచ్చేసరికి బల్ల మీద ఖాళీ నిండింది. ఎర్రసుద్దతో శుభాకాంక్షలు, దాని కింద పద్నాలుగు పేర్లు, అట్టడుగున చెన్నయ్య చేతిరాతతో 'హరిప్రసాద్ సార్ అన్నప్రాసన'. ఆరు నెలలుగా ఆ బల్ల మీదికెక్కిన చరిత్రలో, కళ్లారా చూసిన సాక్షులున్నది ఆ ఒక్కదానికే.