ఆకు వెనక చుక్కలు

ఆ ఉదయం ప్రూఫు రీడరుగారి పథకం చాలా చిన్నది. భార్యను రైలెక్కించాలి, నర్సరీలో మొక్కలు కొనాలి, మిగిలిన మూడు వారాలూ పెరటి మూలలో పేము కుర్చీలో వాలి పుస్తకాలు చదువుకోవాలి. అచ్చుతప్పులు పట్టీ పట్టీ చుక్క కనిపిస్తే చాలు అనుమానించే మనిషికి ప్రశాంతంగా ఉండే చోటు ఆ మూల ఒక్కటే. ఎండ పడదు, ఎవరూ రారు, ఏదీ మొలవదు.

ఆ మొలవకపోవడమే ఇప్పుడు ఆయన ప్రాణం మీదికి వచ్చింది. వదినగారు, అంటే భార్యకు అక్క, తమ ఇంట్లో దుమ్ము కొట్టుకుపోతున్న ట్రెడ్‌మిల్‌ను అక్కడికి తోలేస్తానంటోంది. నేల సిమెంటు చేయించి పైన రేకు వేస్తే సరిపోతుందట.

"ఏమండీ, ఆఖరిసారి చెప్తున్నా," అంది భార్య పెట్టె అందుకుంటూ. "నేను ట్రైనింగ్ నుంచి వచ్చేసరికి ఆ మూల పచ్చగా ఉండాలి. అక్క కూడా నాతోనే వస్తుంది. మొక్కలు బతికుంటే మీ కుర్చీ మీది. లేదంటే ట్రెడ్‌మిల్ మీద నడుస్తూ చదువుకోండి."

"నీడలో పెరగాలి, ఏడాది పొడుగునా పచ్చగా ఉండాలి, నేను పెంచినా చావకూడదు," అన్నాడాయన నర్సరీలో.

నర్సరీ ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే ఫెర్న్‌లు తీసుకోండి. ఆ మెత్తగా ఉన్న రకం వద్దు, చలికి ఎండిపోతుంది. ఇదిగో, ఈ మందం ఆకుది పట్టుకెళ్ళండి. చలికీ, వానకీ, మీకూ తట్టుకుంటుంది. నేల మాత్రం ఆరనివ్వకండి."

ఆరు కొన్నాడు. తొమ్మిది రోజులు హాయిగా గడిచాయి. పదో రోజు పొద్దున్నే ఒక ఆకును తిరగేశాడు. చదువు వృత్తి అయినవాడికి వెనక పేజీ చూడకుండా ఉండటం కష్టం. ఈనెకు రెండు పక్కలా గోధుమరంగు చుక్కలు, వరస తప్పకుండా ఉన్నాయి. భూతద్దం తెచ్చి లెక్కపెడితే ఒక్క ఆకుకు రెండువందల పద్నాలుగు తేలాయి. ఆరు మొక్కల్లోనూ చుక్కలు లేని ఆకు లేదు. 

గోడ అవతల ఉండేది రిటైరైన పశువుల డాక్టరు. ఏ విషయంలోనూ తెలియదని చెప్పి ఎరగడు.

"గుడ్లండీ. అనుమానమే లేదు," అన్నాడు ఆకు చూసి.

"దేని గుడ్లు?"

"పొదిగాక తెలుస్తుంది. అప్పటికి వీధిలో గడ్డిపరక మిగలదు."

ప్రూఫు రీడరు సబ్బునీళ్ళు కలిపి, పాత టూత్‌బ్రష్‌తో మధ్యాహ్నం దాకా చుక్క చుక్కనీ తోమాడు. చుక్కలు చెక్కు చెదరలేదు.

"కాలు కుళ్ళితే తీసేయమూ? కత్తెర తెండి," అన్నాడు డాక్టరు.

ఆరు మొక్కలకూ గుండు గీశారు. అంతటితో ఆగితే బాగుండేది గానీ, డాక్టరు నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధిలో వాళ్ళంతా తమ కుండీల్లో ఆకులు తిరగేశారు. ఎక్కడ చూసినా చుక్కలే. పొద్దు గుంకేలోగా వీధిలో ఒక్క ఫెర్న్‌కూ తల మీద వెంట్రుక మిగల్లేదు. ఫలానా ఇంటి నుంచి తెగులు పాకిందంటూ వీధి సంఘం కార్యదర్శి నోటీసు రాసి, అలవాటుగా ప్రూఫు రీడరు దగ్గరికే తెచ్చాడు.

"మీరోసారి చూసిస్తే అచ్చుకిచ్చేస్తానండి."

ఆయన రెండు తప్పులు దిద్దాడు. తన ఇంటి నంబరు సరిగ్గానే ఉంది కాబట్టి దాని జోలికి పోలేదు.

మర్నాడు మూల బోసిగా కనిపించింది. ఆయనకు కళ్ళు మూసినా తెరిచినా ట్రెడ్‌మిలే. బజారుకు వెళ్ళి ఆరు ప్లాస్టిక్ ఫెర్న్‌లు కొని, గుండు గీసిన మొదళ్ళు కనబడకుండా వాటి పక్కనే గుచ్చాడు. కొత్త మొక్కలు తెచ్చానని డాక్టరుకు చెప్పాడు. డాక్టరు గోడ మీంచి చూస్తూనే ఉంటాడు గనక పూటపూటా నీళ్ళు పోయక తప్పలేదు. అసలు మొక్కల మీద చూపని శ్రద్ధంతా ప్లాస్టిక్ మీద చూపాడు.

మూడు వారాలు నిండగానే అక్కాచెల్లెళ్ళు దిగారు. "నిజంగా మీరే పెంచారా?" అంది భార్య, మొహం విప్పారి. అది విని ఆయనకు సిగ్గేసింది. వదినగారు మాత్రం గొంతుక్కూర్చుని ఆకు తిరగేసింది.

"మరిదిగారూ, చుక్కలేవీ?"

"ఒక్కటి కూడా ఉండనివ్వలేదండి."

"అదేం పని? వీటికి పువ్వూ కాయా ఉండవు. ఆ చుక్కల్లోంచే పిల్లమొక్కలు పుట్టాలి. చుక్కలున్నాయంటే మొక్క కులాసాగా ఉందని."

 ఉద్యోగంలో చేరిన ఇన్నేళ్ళలో ప్రూఫు రీడరు ఒప్పును తప్పని కొట్టేయడం ఇదే మొదలు. ఈలోగా వదినగారు మొక్కను లాగింది. అది ఇనుప తీగ కాడతో సహా చేతిలోకి వచ్చింది.

"ఉండండి, మీ తోడల్లుడికి ఫోన్ చేసి ట్రెడ్‌మిల్ పంపించమంటాను," అంది.

"అక్కా, ఆగు," అంది భార్య వంగి. ప్లాస్టిక్ లేచిన చోట, మొదట్లోంచి లేత ఆకులు చుట్టలు చుట్టుకుని పైకి లేస్తున్నాయి. ఆరింటికీ అంతే. ప్లాస్టిక్‌కు పోసిన నీళ్ళన్నీ వీటికే అందాయి.

వదినగారు ఫోన్ సంచిలో పెట్టేసింది. "మీరింత కష్టపడినా చావలేదంటే ఇక వీటికి ఢోకా లేదు. కుర్చీ ఉంచుకోండి."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఎవరైనా మనసు మార్చుకుంటారేమోనని గబగబా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు.

గోడ మీంచి డాక్టరు తల పైకి లేచింది. చేతిలోని కత్తెర గోడ మీద పెట్టి, కళ్ళద్దాలు సర్దుకుని ఆ చుట్టల్ని చూశాడు.

"చెప్పానా," అన్నాడు. "పొదిగాయి."

వదినగారు గోడ మీది కత్తెర తీసి తన సంచిలో వేసుకుంది.