సెక్ గారి నిరాహార రిజిస్టరు

మంగళవారం పొద్దున ఒక్తావ్ గోఫినే పెట్టుకున్న పనులు మూడే. రొట్టె తేవడం, పేటపెద్ద చేత నివాస పత్రం మీద సంతకం పెట్టించుకోవడం, పది గంటలకల్లా ఇంటికొచ్చి నీళ్ల ఫిల్టరు కడగడం. మూడింటినీ చీటీ మీద రాసి, పక్కన ఏ పనికి ఎన్ని నిమిషాలో కూడా వేసుకున్నాడు. సంతకానికి పన్నెండు నిమిషాలు. బెల్జియంలో ముప్ఫై ఒక్క ఏళ్లు లిఫ్టులు తనిఖీ చేసి రిటైరైన మనిషి. ఏ పని ఎంతసేపట్లో తెమిలేదీ తనకు తెలుసని అతని నమ్మకం. డకార్ దగ్గరి మా సాలీ ఊరి సముద్రపు గాలి నాలుగేళ్లుగా పీలుస్తున్నా ఆ నమ్మకం చావలేదు, పాపం.

ఆ సంతకం ఆషామాషీది కాదు. సోమవారం తొమ్మిదింటికి డకార్ ఆఫీసులో అతని నివాస కార్డు పొడిగింపు. పేట ముద్ర ఉన్న కాగితం లేకపోతే వాళ్లు ఫైలు ముట్టుకోరు. కార్డు పోయిందంటే మొగుడూ పెళ్లాలిద్దరూ మూటాముల్లే సర్దుకుని బెల్జియంలోని లియేజ్‌కి తిరుగుముఖం పట్టాల్సిందే. అక్కడ అక్టోబరులో మొదలైన వాన మే నెలలో కాస్త ఊపిరి పీల్చుకుంటుందట. "ఆ వానలోకి నన్ను తీసుకెళ్లాలంటే పెట్టెలో పెట్టి తీసుకెళ్లాలి" అని అతని భార్య సొలాంజ్ ముందే తేల్చి చెప్పింది.

పేటపెద్ద మెడూన్ గుయే డెబ్బై ఏళ్ల దర్జీ. తన దుకాణం ముందు రేకుల పందిరి కింద కూర్చుని ఉన్నాడు. పేట ముద్ర ఆయన బొత్తాల డబ్బాలో ఉంటుంది. పక్కన నలుగురు చేరి టీ కాస్తున్నారు. ఒక్తావ్ అందరికీ పేరుపేరునా సలాం చెప్పి, వాళ్ల ఇళ్లలోవాళ్ల ఆరోగ్యాలన్నీ విచారించి, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పాడు.

"నా పేరు ఒక్తావ్. ఇక్కడ మాత్రం సెక్ అంటారండీ."

ఆ ఇంటిపేరు అతనికి ఈమధ్యే ఇంటి యజమానురాలు యాసిన్ సెక్ ఇచ్చింది. "మా ఇంట్లో ఉంటూ మా ఇంటిపేరు లేకపోతే ఎలా అన్నయ్యా?" అని ఆవిడ పెట్టింది మొదలు, పెన్షన్ వచ్చిన రోజున కూడా చూపించనంత గర్వంతో చెప్పుకు తిరుగుతున్నాడు.

గుయే మొహం చింకి చాటంత అయింది. "సెక్కా! ఓరి దేవుడోయ్! పొద్దున్నే తిండిపోతు మొహం చూశాను, ఇవాళ నాకు అన్నం దక్కదు! ఒరే, గిన్నెలు లోపల పెట్టండ్రా! మా ముత్తాత దగ్గర పాలేరుతనం చేసిన సెక్‌ల కుర్రాడు వచ్చాడు! ఏరా సెక్కూ, ఆ పొట్టలో ఎన్ని బస్తాలు పోశావురా?"

టీ దగ్గరివాళ్లు పగలబడి నవ్వారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా దగ్గర గుయేలకూ సెక్‌లకూ వేళాకోళపు వరస. ఈనాటిది కాదు, తాతముత్తాతల నాటిది. బావాబావమరుదుల్లాగా, ఎదురుపడితే చాలు ఒకరినొకరు తిండిపోతనీ దొంగనీ పాలేరనీ తిట్టుకోవాలి. తిట్టకపోతేనే తప్పు. తిట్టించుకున్నవాడు అంతకు రెండింతలు తిరిగి వడ్డించాలి. పాలు తాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. యాసినమ్మ ఇంటిపేరు ఇచ్చింది గానీ, దానితో పాటు వచ్చే తిట్ల సంగతి చెప్పడం మరిచిపోయింది.

పైగా దెబ్బ సరిగ్గా పుండు మీదే తగిలింది. పోయిన శుక్రవారం యాసినమ్మ ఇంట్లో అతను చేపల అన్నం మూడు మార్లు పెట్టించుకున్నాడు. ఆ వార్త ఇంత దూరం వచ్చిందా అని ఒక్తావ్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కాగితం ముందుకు చాపాడు. "సంతకం కావాలండీ."

"సంతకమా? సెక్‌లు తిండిపోతులు కారని రుజువు చెయ్యి, అప్పుడు పెడతా!" అని గుయే గడ్డం పైకెత్తి, రాబోయే ఎదురు తిట్టు కోసం ఆశగా చూశాడు.

ఒక్తావ్ వినయంగా వంగాడు. "అలాగేనండీ. రుజువు ఏ పద్ధతిలో ఉండాలి?"

గుయేకి నవ్వుతో ఊపిరాడలేదు. "సాక్షులతో! సాక్షులతో పట్టుకురా!"

ఒక్తావ్ చీటీ తీసి 'సాక్షులతో' అని రాసుకుని వెళ్లిపోయాడు. గుయే నవ్వు సగంలో ఆగింది. "అదేంటర్రా, ఏమీ అనకుండానే పోయాడు?" అన్నాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే సొలాంజ్ తల పట్టుకుంది. "ఒక్తావ్, ఆయన వేళాకోళమాడి ఉంటాడు."

"ముద్ర ఉన్న అధికారి వేళాకోళమాడడు."

"దర్జీ ఆయన!"

"ముద్ర ఉన్న దర్జీ" అన్నాడు ఒక్తావ్. అల్మరా లోంచి లిఫ్టుల తనిఖీకి వాడే గళ్ల రిజిస్టరు ఒకటి తీశాడు. గీతలు గీసి తేదీ, సమయం, ఎవరిల్లు, పెట్టిన పదార్థం, ఫలితం, సాక్షి సంతకం అని రాసుకున్నాడు. ఆదివారం దాకా పొద్దున ఒక ఉడికించిన గుడ్డు, రాత్రి ఒక అరటిపండు, అంతే. "తనిఖీలో ఉన్న లిఫ్టులోకి ఎవర్నీ ఎక్కించకూడదు" అన్నాడు పొట్ట తట్టుకుంటూ. ఒక విషయంలో మాత్రం మహా పట్టుదల. కారణం ఎవరికీ చెప్పకూడదు. చెబితే సాక్షులు మొహమాటపడి అబద్ధం రాస్తారట.

ఆ మధ్యాహ్నమే యాసినమ్మ గిన్నె చుట్టూ అందరూ చేరారు. "రా అన్నయ్యా, చెయ్యి కడుక్కో."

"వద్దమ్మా. తినను. ఇక్కడ ఒక సంతకం పెట్టు."

మా పేటలో అన్నం ముందు కూర్చుని ఒక్క ముద్దైనా ముట్టకపోవడమంటే వంటావిడ చెంప మీద కొట్టినంత పని. యాసినమ్మ బిత్తరపోయి సంతకమైతే పెట్టింది గానీ, చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. పోయినవారం మూడు మార్లు తిన్నవాడు ఇవాళ వద్దంటున్నాడంటే ఏమిటి అర్థం? చేప! ఆవిడ గరిటెతోనే సముద్రపు ఒడ్డుకు వెళ్లి, చేపలమ్మే అంగోనే ముందు నిలబడి నలుగురూ వినేట్టు అడిగింది. "ఎన్నాళ్లనాటి చేప అంటగట్టావే నాకు?"

సాయంత్రానికల్లా అంగోనే బుట్ట ముందు ఈగలు తప్ప మనుషులు లేరు. పదిహేనేళ్లుగా ఆ ఒడ్డున ఆవిడ చేపకు ఎవరూ వంక పెట్టలేదు. బుధవారం తెల్లారేసరికి మోచెయ్యంత పొడుగు చేపను మొప్పల దగ్గర పట్టుకుని ఒక్తావ్ గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"వాసన చూడు తెల్లాయనా! చూసి చెప్పు!"

ఒక్తావ్ వంగి పద్ధతిగా రెండు ముక్కుపుటాలతోనూ చూశాడు. "చాలా తాజాగా ఉంది."

"మరి తినవే?"

"తినను. ఇక్కడ సంతకం పెట్టు."

అంగోనేకు సంతకం రాదు, వేలిముద్ర వేసింది. రెండు చేప పొలుసులు కూడా కాగితానికి అంటుకున్నాయి. ఒక్తావ్ దించిన మొహమూ వేలాడుతున్న బుగ్గలూ చూసేసరికి ఆవిడ కోపం నీరుకారిపోయింది. చేపలో లోపం లేదు, మనిషిలోనే ఉంది! ఆవిడ తిన్నగా బజారుకు పోయి, తన చేప పరువు నిలబెట్టుకునే తొందరలో, అతని ఆయుష్షు తగ్గించేసింది. "కడుపులో ఏదో పుట్టిందట. మెతుకు దిగడం లేదు. పాపం, కనబడ్డవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించుకుంటున్నాడు. ఎందుకంటారు? వీలునామాకి సాక్షులు కావద్దూ?"

ఇక చెప్పాలా! బుధవారం సాయంత్రం నుంచి గుమ్మం ముందు మనుషులే మనుషులు. పోయేవాడి దగ్గర క్షమాపణ అడిగి రుణం తీర్చుకోవడం మా ఆచారం. ఒక్కొక్కరూ ఏదో ఒకటి వండి తెచ్చేవారు. ఒక్తావ్ వద్దనేవాడు. వాళ్లు కళ్లొత్తుకుని సంతకం పెట్టేవారు. ఆపైన, "తెలిసో తెలియకో నీ మనసు నొప్పించి ఉంటే క్షమించు నాయనా" అనేవారు. మూలింటాయన ఇంకో అడుగు ముందుకేసి, నీ మందార మొక్కలు తిన్నది ఎవరో కాదు, నా పొట్టేలే అని చెప్పేశాడు. మూడు నెలలుగా ఒక్తావ్ ఆ మందారాలకు పురుగుమందు కొడుతున్నాడు మరి.

రిజిస్టరు మాత్రం బ్రహ్మాండంగా నిండుతోంది. దాన్ని చూసినప్పుడల్లా ఒక్తావ్ కళ్లు మెరిసేవి.

గురువారం పొద్దున పక్కవీధి ఫ్రెంచి పెద్దమనిషి ఫిలిబేర్ టేపు పట్టుకుని వచ్చి వరండా కొలవడం మొదలుపెట్టాడు. "బాధపడకండి" అన్నాడు సొలాంజ్‌తో, చాలా సానుభూతిగా. "మీరు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నాకే ముందు చెప్పాలి సుమా. ఇక్కడ గాలి బావుంటుంది."

సొలాంజ్ అతన్ని చీపురుతో సాగనంపింది. తర్వాత మొగుడి ముందు నిలబడింది. "ఒక్తావ్, నువ్వు చచ్చిపోతున్నావని ఊరంతా ఏడుస్తోంది. నేనేమో యాసిన్ ఇంట్లో తింటున్నాను, ఆవిడ నాకు పెట్టేటప్పుడల్లా 'ధైర్యంగా ఉండు వదినా' అంటోంది. నా మాట విని ఒక్క ముద్ద తిను."

"ముప్ఫై ఏడు సాక్ష్యాలు ఉన్నాయి" అన్నాడు అతను, గోడ పట్టుకుని. "ఇప్పుడు తింటే మొత్తం చెల్లదు. నీకు ఆ వానలోకి వెళ్లాలనుందా?"

నలభై ఏళ్ల కాపురంలో ఈ మొండితనంతో సొలాంజ్ చాలాసార్లు తల గోడకు కొట్టుకుంది. కానీ ఈసారి అతను గోడ పట్టుకుని నిలబడడం చూసి ఏడుపొచ్చింది. ఈ గుండ్రాయి తనకోసమే మాడుతున్నాడు మరి.

శుక్రవారం నమాజయ్యాక ఈ వార్త చివరికి గుయే చెవిన పడింది. ఆయన చేతిలో కత్తెర జారిపోయింది. నవ్వులాటకు తిట్టిన మనిషి అన్నం మానేసి చావబోతున్నాడా? భార్య చేత ఎనిమిది మందికి సరిపడే చేపల అన్నం వండించి, గిన్నె నెత్తిన, బొత్తాల డబ్బా చంకన పెట్టుకుని తనే బయలుదేరాడు. వెనక టీ దగ్గరి నలుగురు, వాళ్ల వెనక సగం పేట.

ఒక్తావ్ వరండాలో కుర్చీలో కూలబడి ఉన్నాడు. గుయేని చూడగానే లేవబోయి, లేవలేక, రిజిస్టరు అందించాడు. "నలభై ఒక్కమంది సాక్షులండీ. చూసుకోండి. సెక్‌లు తిండిపోతులు కారు. ఇక సంతకం పెట్టండి."

గుయే పేజీ తిప్పాడు. 'చేపల అన్నం, నిరాకరించబడింది.' 'వేరుశనగ పులుసు, నిరాకరించబడింది.' 'చేప, పచ్చిది. వాసన చూడబడింది, నిరాకరించబడింది.' ఆయన గడ్డం వణికింది. నవ్వో ఏడుపో ఎవరికీ అంతు పట్టలేదు.

"ఓరి నీ... నేనన్నదానికా ఇదంతా?"

"మీరేగా రుజువు అడిగారు!"

విషయం అప్పటికి అర్థమైన యాసినమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో అన్నయ్యా! గుయేలు మనల్ని అలాగే అంటారు! ఈ ముసలాయన మా నాన్నని నలభై ఏళ్లు తిట్టాడు. మా నాన్న పోయిన రోజున అందరికన్నా ఎక్కువ ఏడ్చింది కూడా ఈయనే. అది వరస! నువ్వు తిరిగి తిట్టాలి!"

"తిరిగి తిట్టాలా?" ఒక్తావ్ గుడ్లు తేలేశాడు. "మరి ఆ సంగతి ఆ రోజే చెప్పొచ్చు కదా!"

"తిట్టమని చెప్పి తిట్టించుకుంటారా ఎవరైనా?" అన్నాడు గుయే గిన్నె కింద పెడుతూ. "నాలుగు రోజులుగా దారి కాసుకుని కూర్చున్నాను. ఇవాళ వస్తాడు, రేపు వస్తాడు, వచ్చి నా మొహం వాచేట్టు పెడతాడు అని. బదులు తిట్టనివాడు దారిన పోయేవాడు కిందే లెక్క. దారిన పోయేవాడికి నివాస పత్రం ఎలా ఇవ్వమంటావు?"

ఒక్తావ్‌కి జీవితంలో ఏ అధికారినీ తిట్టిన అలవాటు లేదు. భార్య వంక చూశాడు. సొలాంజ్ పళ్లు బిగించి తలూపింది. కానియ్యి అన్నట్టు. అతను గిన్నె మూత తీశాడు. ముఖం లోపలికి పెట్టి, లిఫ్టు గుంత చూసినట్టు నాలుగు మూలలా చూశాడు.

"ఇందులో చేపేది?" అన్నాడు కటువుగా. "మీ గుయేలు చేపకి అన్నం చూపించి మళ్లీ సముద్రంలో వదిలేస్తారా?"

అంతే, వరండా పైకప్పు లేచిపోయింది. అంగోనే నవ్వలేక నేల మీద కూర్చుండిపోయింది. గుయే అయితే ఒక్తావ్ మెడ కావలించుకుని, "విన్నారట్రా, విన్నారట్రా! నా పాలేరు నన్ను తిట్టాడర్రా!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. అప్పటికప్పుడే బొత్తాల డబ్బా తెరిచి, నివాస పత్రం మీద సంతకం పెట్టి, ఠపీమని ముద్ర కొట్టాడు. సొలాంజ్ ఆ కాగితం లాక్కుని రవికలో దాచుకుని, మొగుణ్ణి ముద్దు పెట్టుకుని, చెంప మీద ఒక్కటి వేసింది.

అప్పుడు ఒక్తావ్ చెంచా అందుకున్నాడు. అందరూ చూస్తుండగానే అన్నం తిన్నాడు, చేప తిన్నాడు, క్యారెట్టూ వంకాయా కర్రపెండలమూ తిన్నాడు. యాసినమ్మ "మెల్లగా అన్నయ్యా" అంటున్నా వినకుండా గిన్నె వంచి అడుగున మాడు కూడా గోకాడు. ఎనిమిది మంది తిండి. మిగతా ఏడుగురూ చుట్టూ నిలబడి చూశారు.

గుయే రిజిస్టరు తీసుకుని, నలభై రెండో గడిలో తన చేత్తోనే రాశాడు. 'శుక్రవారం, సాయంత్రం ఐదున్నర. చేపల అన్నం, ఎనిమిది మందికి. నిరాకరించబడలేదు.' కింద సంతకం చేసి, దాని మీద కూడా పేట ముద్ర కొట్టాడు.

సోమవారం డకార్ ఆఫీసులో ఒక్తావ్ నివాస పత్రంతో పాటు ఆ పేజీని కూడా ఫైలుకు జత చేశాడు. ముద్ర ఉన్న కాగితం ఏదీ అధికారుల దగ్గర దాచకూడదని అతని నియమం.